మరుగు లేని మరుగుదొడ్డి: ఓడ గది నేర్పే డిజైన్ పాఠం

ఈ శీర్షికలో సాధారణంగా కంప్యూటర్ల గురించి, ప్రోగ్రాముల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కాస్త దారి మళ్ళి ఓడ ఎక్కుదాం. ఎక్కి, డెక్ మీదకి కాకుండా తిన్నగా కేబిన్‌లోని స్నానాలగదిలోకి వెళ్దాం. ఇదేం టెక్నాలజీ వ్యాసమండీ అని ముక్కు మూసుకోకండి. డిజైన్ చేసేవాడికి ఏ అవసరాలు కాగితం మీద రాసిచ్చారు, ఏవి రాయకుండా వదిలేశారు అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఈమధ్య దొరకలేదు.

ఇందులో మనకి సొంత అవసరం కూడా ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా, వైట్‌హౌస్, డిస్నీ అయ్యాక, మయామీ నుంచో, పోర్ట్ కెనావెరల్ నుంచో, టెక్సస్‌లో ఉంటే గాల్వెస్టన్ నుంచో ఒక క్రూజ్‌కి తీసుకెళ్తున్నారు. ఖర్చు కలిసొస్తుందని నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటారు. రెండువందల చదరపు అడుగుల గది, అందులో అత్తగారు, మామగారు, కొడుకు, కోడలు. ఇటువంటి ప్రయాణం ఒకటి ఏర్పాటు చెయ్యడానికి నేను రకరకాల ఓడల గదుల ప్లాన్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు తేలిన విషయాలు ఇవి.

పేరులోనే ఉంది

"మరుగుదొడ్డి" అన్న మాటని ఒకసారి విడదీసి చూడండి. దొడ్డి అంటే ఇంటివెనక పెరడు. మరుగు అంటే చాటు. ఇంగ్లీషులో ఆ గదికి రెస్ట్‌రూమ్ అనీ, బాత్‌రూమ్ అనీ, అక్కడ జరగని పనుల పేర్లన్నీ పెట్టారు కానీ, మనవాళ్ళు మాత్రం ఆ గదికి ఉండవలసిన ముఖ్యలక్షణాన్నే పేరుగా పెట్టారు. గోడ, కుండీ, గొట్టం తరవాత సంగతి. మొదట చాటు ఉండాలి.

పాతకాలపు పల్లెటూరి ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. దొడ్డి చివర ఒకటి, నూతిదగ్గర తాటాకు దడి కట్టిన స్నానాల చోటు ఒకటి, గుమ్మం పక్కన కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి నీళ్ళ గోలెం ఒకటి. అంటే మూడు పనులకీ మూడు చోట్లు. మూడింటినీ ఒకే గదిలో ఇరికించి బాత్‌రూమ్ అనడం మనకి తరవాత వచ్చిన అలవాటు. జపాన్ ఇళ్ళలో ఇప్పటికీ మరుగుదొడ్డి వేరు, స్నానాలగది వేరు. కనక మూడింటినీ విడదియ్యడం వింతేమీ కాదు. ఆ విడదియ్యడం ఎంత దూరంలో, ఏ గోడతో అన్నదే అసలు సంగతి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

గది ఎలా తయారవుతుంది?

ఇప్పటి పెద్ద ఓడల్లో గదుల్ని ఓడలో కట్టరు. ఫ్యాక్టరీలో మంచం బల్లలు, దీపాలు, అద్దం, స్నానాలగదితో సహా పెట్టెలా తయారుచేసి, ఓడ పక్కన వదిలిన కంతలోంచి లోపలికి తోసి, వాటి వాటి స్థానాల్లోకి జరుపుతారు. ఫిన్‌లాండ్‌లోని పీక్కియో వర్క్స్ అనే సంస్థ చేసే పని ఇదే. గది స్థానంలో కూర్చున్నాక చెయ్యవలసింది కనెక్షన్లు కలపడమే: మంచినీళ్ళు, వేడినీళ్ళు, వాడిన నీళ్ళు పోయే గొట్టం, మలినం పోయే గొట్టం, కరెంటు, గాలి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ స్థిరంగా ఉన్న కాంపొనెంట్ అన్నమాట.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1930లలోనే రేకుతో అచ్చుపోసిన స్నానాలగదిని తయారుచేసి, 1940లో పేటెంట్ పొందాడు. అదీ రెండు అరలే. ఒక అరలో తొట్టి, షవర్. రెండో అరలో టాయ్‌లెట్, వాష్‌బేసిన్. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి హోటల్ న్యూ ఒటానీ కడుతున్నప్పుడు, గడువులోగా వెయ్యికి పైగా గదులు పూర్తిచెయ్యడానికి టోటో సంస్థ ముందే తయారుచేసిన స్నానాలగదుల్ని తెచ్చి అమర్చింది.

మీరు ఓడ ఎక్కినప్పుడు గమనించండి. స్నానాలగది దాదాపు ఎప్పుడూ తలుపు పక్కనే, వరండా వైపే ఉంటుంది. గొట్టాలన్నీ దిగే నిలువు సందు అక్కడ ఉండటం ఒక కారణం. కిటికీ వైపు చోటుకి ఎక్కువ ధర పలకడం రెండోది. సముద్రం కనిపించే గోడని టాయ్‌లెట్‌కి ఎవరిస్తారు?

వేక్యూమ్ చేసిన మేలు

ఇంట్లో టాయ్‌లెట్ గొట్టం పనిచేసేది వాలు వల్ల. గొట్టం సైజునిబట్టి అడుగు పొడవుకి అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పావు వంతు దాకా వాలు ఉండాలి. వంద అడుగులు అడ్డంగా తీసుకెళ్తే గొట్టం ఒకటి నుంచి రెండు అడుగులు కిందికి దిగిపోతుంది. ఓడలో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య అంత చోటు ఉండదు. పైగా ఓడ ఊగినప్పుడల్లా వాలు మారిపోతుంది.

దీనికి విరుగుడు వేక్యూమ్ టాయ్‌లెట్. 1950లలో స్వీడన్‌కి చెందిన యోయెల్ లిల్యెన్‌డాల్ దీన్ని రూపొందించాడు. గొట్టంలో గాలి ఒత్తిడిని బయటి ఒత్తిడిలో దాదాపు సగానికి తగ్గించి ఉంచుతారు. బటన్ నొక్కగానే వాల్వ్ తెరుచుకుని, గదిలోని గాలే మలినాన్ని లోపలికి నెట్టేస్తుంది. ఆ "ఘుస్స్" చప్పుడు అదే. గొట్టం సన్నగా ఉన్నా చాలు, వాలు అక్కర్లేదు, కొంత ఎత్తుకి కూడా ఎక్కుతుంది. నీళ్ళు సుమారు ఒక లీటరు చాలు. అమెరికాలో 1992 నాటి చట్టం ఇళ్ళ టాయ్‌లెట్లకి పెట్టిన హద్దు ఫ్లష్‌కి 1.6 గాలన్లు, అంటే సుమారు ఆరు లీటర్లు. ఓడలో నాలుగువేలమంది ఉండి, రోజుకి తలా అయిదుసార్లు అనుకుంటే, లక్షా ఇరవైవేల లీటర్లు అవ్వాల్సినది ఇరవైవేలతో సరిపోతుంది.

డిజైనర్‌కి దక్కింది నీళ్ళ ఆదా ఒక్కటే కాదు. గొట్టం సన్నదై, వాలు అక్కర్లేకపోవడంతో టాయ్‌లెట్‌ని షవర్ పక్కనే ఉంచాలన్న నిర్బంధం సడలింది. దేన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నిర్బంధం పోయినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుందని మనకి తెలుసు కదా!

ఎపిక్ కథ

ఆ స్వేచ్ఛని పూర్తిగా వాడుకున్న ఓడ నార్వీజియన్ ఎపిక్. నార్వీజియన్ క్రూజ్ లైన్ కోసం ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్‌లో కట్టారు. 2010 జూలై 2న న్యూయార్క్‌లో నామకరణం జరిగింది. లక్షా యాభై అయిదువేల టన్నుల పైచిలుకు ఓడ. గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తే నాలుగువేల పైచిలుకు ప్రయాణికులు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకోసం వంద చదరపు అడుగుల స్టూడియో గదులు 128 పెట్టడం అందులో మెచ్చుకోదగ్గ కొత్త ఆలోచన.

మిగతా గదుల్లో గోడలు తిన్నగా కాకుండా కెరటంలా వంపు తిరిగి ఉంటాయి. ఒక గది మంచం దగ్గర ఉబ్బితే, పక్కగది సోఫా దగ్గర ఉబ్బుతుంది. అదే వెడల్పులో రెండింటికీ విశాలంగా ఉన్న భావన కలుగుతుంది. ఇంతవరకూ భేషుగ్గా ఉంది.

ఇక స్నానాలగది. అసలు అలాంటి గదే లేదు. వరండా తలుపు తీసి లోపలికి అడుగుపెడితే ఒక పక్క గరుకు గాజు తలుపు వెనక టాయ్‌లెట్, ఎదురుపక్క అటువంటి గాజు వెనకే షవర్, మధ్యలో మీరు నడిచే దారి. వాష్‌బేసిన్ మంచాలున్న వైపు. దారికీ మంచాలకీ మధ్య లాక్కోడానికి ఒక తెర. అంతే.

చాలామంది ప్రయాణికులకి ఇది నచ్చలేదు. ఆ కంపెనీ 2013లో దింపిన తరవాతి ఓడ బ్రేకవేలో గదులకి మళ్ళీ మామూలు స్నానాలగదులే వచ్చాయి. ఎపిక్‌కి జతగా అనుకున్న రెండో ఓడ 2008లోనే రద్దయిపోయింది కనక, ఆ అమరిక ఒక్క ఓడకే మిగిలింది.

తాళాల లెక్క

ఎపిక్ డిజైనర్లు తెలివితక్కువవాళ్ళు కాదు. వాళ్ళు సాధించదలుచుకున్నది మనకి బాగా పరిచయమైనదే: ఒకే పెద్ద తాళం స్థానంలో మూడు చిన్న తాళాలు. లెక్క వేసి చూద్దాం.

నలుగురున్న కుటుంబం. పొద్దున్నే ఒక్కొక్కరికీ టాయ్‌లెట్‌కి పది నిముషాలు, స్నానానికి పది, పళ్ళు తోముకోడానికి అయిదు అనుకుందాం. మూడూ ఒకే గదిలో ఉంటే, ఒకరు లోపల గడియ వేసుకున్నంతసేపూ మిగతా ముగ్గురూ బయటే. నాలుగు ఇంటూ ఇరవై అయిదు, మొత్తం 100 నిముషాలు. మూడింటినీ విడదీస్తే పైప్‌లైన్ అవుతుంది. మొదటివారికి 25 నిముషాలు, ఆ తరవాత ప్రతి పది నిముషాలకీ ఒకరు బయటపడతారు. మొత్తం 55 నిముషాలు.

ఇప్పుడు మరో ఓడని చూడండి. 1998లో మొదలైన డిస్నీ మ్యాజిక్. అందులో చాలా గదుల్లో స్నానాలగదిని రెండుగా చీల్చారు. ఒక గదిలో టాయ్‌లెట్, వాష్‌బేసిన్. రెండోదాంట్లో తొట్టి, షవర్, మరో వాష్‌బేసిన్. రెండింటికీ మామూలు గోడలు, మామూలు తలుపులు. పళ్ళు తోముకోడం స్నానం దగ్గరే అనుకుంటే ఆ అర పదిహేను నిముషాలు పడుతుంది. 25, ఆపైన మూడు పదిహేనులు, మొత్తం 70 నిముషాలు.

అంటే 100, 70, 55. డిస్నీ అమరికతో పోలిస్తే ఎపిక్ అమరిక అదనంగా ఆదా చేసింది పావుగంట. దానికి ఇచ్చిన మూల్యం గోడలు.

అసలు తమాషా ఇక్కడే ఉంది. మన గదిలో ఉన్న నలుగురిలో అత్తగారు, అల్లుడు ఉన్నారనుకోండి. పల్చటి గాజు తలుపు వెనకాల, ఆరడుగుల దూరంలో అల్లుడు కూర్చుని ఉండగా ఆవిడ లోపలికి వెళ్తారా? చచ్చినా వెళ్ళరు. "బాబూ, కాస్త బాల్కనీలోకి వెళ్ళి సముద్రం చూసిరా" అంటారు, లేదా పైడెక్ మీద ఉన్న టాయ్‌లెట్ వెతుక్కుంటూ పోతారు. డేటాబేస్‌లో దీన్ని లాక్ ఎస్కలేషన్ అంటాం. వరసకొక తాళం వేస్తున్నామనుకుంటూ ఉండగానే అది కాస్తా మొత్తం టేబుల్ మీద తాళమై కూర్చుంటుంది. మొదటి పద్ధతిలో గడియపడేది స్నానాలగది ఒక్కదానికే. ఇప్పుడు మొత్తం కేబిన్‌కే పడుతోంది. పైప్‌లైన్ పోయింది, 55 మళ్ళీ 100 అయింది, పైగా అల్లుడు పైజమాలో చలిగాలికి నిలబడ్డాడు. విడివిడిగా పనిచెయ్యాలంటే విడివిడిగా మరుగు ఉండాలి. ఐసొలేషన్ లేని కంకరెన్సీ నిలవదు.

మరుగు అంటే ఎన్ని?

మరుగు ఒక్కటి కాదు. కనీసం మూడున్నాయి: చూపుకి, చప్పుడుకి, వాసనకి.

గరుకు గాజు చూపుని పూర్తిగా ఆపదు. వెలుతుర్ని చెదరగొడుతుంది, అంతే. గాజుకి దూరంగా ఉన్నది మసకగా, దగ్గరగా ఉన్నది స్పష్టంగా నీడ కడుతుంది. లోపల దీపం వెలిగి బయట చీకటిగా ఉంటే తోలుబొమ్మలాట తెర ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. అర్ధరాత్రి ఒకరు లేస్తే ఆ వెలుగు గదంతా పడుతుంది.

చప్పుడు సంగతి. గోడ ఎంత శబ్దాన్ని ఆపుతుందో చెప్పడానికి అమెరికాలో ఎస్‌టీసీ అనే అంకె వాడతారు. ఎస్‌టీసీ 25 ఉన్న గోడ అవతల మామూలు మాటలు అర్థమవుతాయి. 50 ఉంటే గట్టి చప్పుళ్ళు కూడా లీలగా మాత్రమే వినిపిస్తాయి. పక్కపక్క అపార్ట్‌మెంట్ల మధ్య గోడకి ఇక్కడి భవన నియమావళి అడిగేది 50. తలుపు కింద చిన్న సందున్నా చాలు, ఈ అంకె అమాంతం పడిపోతుంది.

మరి సందు మూసెయ్యొచ్చుగా? కుదరదు. వాసన సమస్యకి పరిష్కారమే ఆ సందు. టాయ్‌లెట్ పైకప్పులో ఉన్న ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంటే, గదిలోని గాలి తలుపు సందుగుండా లోపలికి రావాలి. అప్పుడే వాసన గదిలోకి రాదు. సందు మూస్తే చప్పుడు ఆగుతుంది, వాసన మిగులుతుంది. తెరిస్తే వాసన పోతుంది, చప్పుడు వస్తుంది. ఈ రెండిటి పేచీ తీరాలంటే మధ్యలో ఇంకొంచెం దూరమైనా ఉండాలి, ఇంకో తలుపైనా ఉండాలి. మన పూర్వీకులు దొడ్డి చివరకి పంపింది అందుకే. ఎపిక్ కేబిన్‌లో మూడు పనులూ విడిపోయాయి, కానీ వాటి మధ్య పెరడు లేదు.

కాగితం మీదకి రాని అవసరాలు

డిజైన్ చేసేటప్పుడు ఎవరిని ఊహించుకుంటామో వాళ్ళకే అది సరిపోతుంది. ఒకరి దగ్గర ఒకరికి దాపరికం లేని జంటని ఊహించుకుంటే గాజు తలుపు అందంగానే ఉంటుంది. మనవాళ్ళని ఊహించుకుంటే మరికొన్ని ప్రశ్నలు రావాలి.

ఒకటి, చెంబు. మనది నీళ్ళ అలవాటు. మామూలు ఓడ స్నానాలగదిలో వాష్‌బేసినూ, షవరూ చేతికి అందేంత దగ్గరే కనక ఒక ప్లాస్టిక్ మగ్గుంటే పని నడిచిపోతుంది. టాయ్‌లెట్ అరలో నీళ్ళ కుళాయే లేకపోతే? మంచం పక్కనున్న వాష్‌బేసిన్‌లో మగ్గు నింపుకుని, అందరి ముందునుంచీ ఊరేగింపుగా వెళ్ళాలి.

రెండు, చేతులు. కుళాయి బయట ఉంటే, కడుక్కోకముందే తలుపు పిడినీ, తెరనీ ముట్టుకోవలసి వస్తుంది. అమెరికా రేవుల్ని తాకే విహార నౌకల శుభ్రత మీద సీడీసీ 1975 నుంచీ తనిఖీలు నడుపుతున్నది. అక్కడ పెద్ద శత్రువు నోరోవైరస్. దానిమీద సబ్బూ నీళ్ళూ పనిచేసినంతగా సీసాలోని ఆల్కహాల్ జెల్ పనిచెయ్యదు. కనక వాష్‌బేసిన్ ఎక్కడ ఉందన్నది అలంకరణ విషయం కాదు.

మూడు, చీర. స్నానం చేసి చీర కట్టుకోడానికి పొడినేల కావాలి, నిలువెత్తు చాటు కావాలి. ఎపిక్‌లో అటువంటి చోటు ఆ నడిచే దారి ఒక్కటే. దానికి ఒక పక్క తెర, రెండోపక్క వరండా తలుపు. తాళంచెవి కార్డు ఉన్న మనవడు ఏ క్షణంలోనైనా తలుపు తోసుకు రావచ్చు.

నాలుగు, మోకాళ్ళు. తడి బయటికి రాకుండా కట్టిన గడప, పట్టుకోడానికి కమ్మీ, తలుపు వెడల్పు. ఊగే ఓడలో డెబ్భై ఏళ్ళవారికి ఇవే ముఖ్యం.

చట్టం ఏమంటుంది?

1998, 1999లలో హ్యూస్టన్ నుంచి బయలుదేరిన ఓడల్లో ప్రయాణించిన కొందరు వికలాంగులు, తమకి వీలైన గదులు లేవనీ, వివక్ష చూపారనీ దావా వేశారు. స్పెక్టర్ వర్సెస్ నార్వీజియన్ క్రూజ్ లైన్ అనే ఆ కేసులో 2005 జూన్ 6న సుప్రీంకోర్టు, విదేశీ జెండాతో తిరిగే ఓడలకి కూడా అమెరికా జలాల్లో వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అయితే అంతర్జాతీయ భద్రతా నియమాలకి విరుద్ధంగా ఓడని మార్చమని అడగరాదని హద్దూ పెట్టింది. కనక ఇంట్లో పెద్దవాళ్ళకి చక్రాల కుర్చీ అవసరమైతే అటువంటివారి కోసం కట్టిన గది కావాలని మొహమాటం లేకుండా అడగండి. గడప లేని షవర్, కమ్మీలు, వెడల్పు తలుపు అందులోనే దొరుకుతాయి.

ఎపిక్‌కి పేరుపెట్టిన నెలలోనే, 2010 జూలై 27న, క్రూజ్ నౌకల భద్రతా చట్టం మీద ఒబామా సంతకం చేశాడు. కనీసం 250 మంది ప్రయాణికులు ఎక్కే ఓడల్లో ప్రతి గది తలుపుకీ బయటివారిని చూసే కన్నం వంటిది ఉండాలి. ఏ సిబ్బంది గదుల్లోకి రావచ్చో నియమాలు రాసిపెట్టి అమలు చెయ్యాలి. ఎందుకింత జాగ్రత్త అంటారా? ఒక పెద్ద ఓడలో గదులు శుభ్రం చేసే ఉద్యోగి స్నానాలగదుల్లో రహస్య కెమెరాలు పెట్టి పిల్లలతో సహా ప్రయాణికుల్ని చిత్రీకరించాడు. 2024లో ఫ్లోరిడాలోని ఫెడరల్ కోర్టు అతనికి 30 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. గాజు తలుపు కుటుంబంలోని వాళ్ళ మధ్య మరుగుకి సంబంధించినది. కెమెరా బయటివాళ్ళ నుంచి మరుగుకి సంబంధించినది. మన భాషలో రెండూ వేరువేరు థ్రెట్ మోడళ్ళు. ఒకదానికి చేసిన ఏర్పాటు రెండోదానికి పనికిరాదు. గదిలోకి వెళ్ళగానే సింకు కింద, అద్దం వెనక, ఎయిర్ వెంట్లలో ఒకసారి టార్చి వేసి చూడటం రెండు నిముషాల పని.

టికెట్టు కొనేముందు

ఓడ పేరూ, గది రకమూ చూసి ఆ గది ప్లాన్ తెరవండి. ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి. టాయ్‌లెట్ తలుపు గాజా, చెక్కా? ఆ అరలోనే నీళ్ళున్నాయా? బట్టలు మార్చుకునే పొడి చోటు ఏది? రాత్రి ఒకరు లేస్తే ఎవరి మంచం దాటుకుని వెళ్ళాలి? వరండా తలుపు తెరిస్తే నడిచేవాళ్ళకి ఏం కనిపిస్తుంది?

రెండుగా విడదీసిన స్నానాలగది అంటే భయపడక్కర్లేదు. గట్టి గోడలుంటే నలుగురున్న కుటుంబానికి అదే మంచిది. 2024లో బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో కూడా కొన్ని కుటుంబ గదులకి ఈ పద్ధతే పెట్టారు. రెండు తరాలు కలిసి వెళ్తున్నప్పుడు బాల్కనీ ఉన్న ఒక గదికంటే, మధ్యతలుపు ఉన్న రెండు చిన్న లోపలి గదులు మేలు. సముద్రం డెక్ మీద నుంచి ఉచితంగా కనిపిస్తుంది. మరుగు మాత్రం గదిలోనే దొరకాలి.

ఇంకొక్క మాట. ప్రయాణం మాట ఎత్తినప్పుడు ఊరినుంచి వచ్చిన అమ్మ ఈ సంగతులేవీ నోరు విప్పి అడగదు. "నాకేం ఇబ్బంది లేదురా, మీకెలా వీలైతే అలా" అంటుంది. ఓడ ఎక్కాక నీళ్ళు తాగడం తగ్గించేస్తుంది. మనం రోజూ క్లయింట్ చెప్పని అవసరాల్ని తవ్వి తీసే ఉద్యోగాలు చేస్తున్నాం. ఆ విద్యని ఇంట్లో కూడా ఒకసారి వాడి, ఆవిడ అడగకముందే ప్లాన్ చూసి గది ఎంచండి.